చెట్టు పనివారి రక్షణ సామగ్రి ఖర్చును కూలిలో కోయడంపై ఫిర్యాదు

బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా
2 ఫిబ్రవరి 2026

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ప్రధాన కార్యాలయం, విశాఖపట్నం

విషయం: బరంపురం, రాయగడ ప్రాంగణాల్లో చెట్ల కొమ్మలు కొట్టే పనివారి కూలిలో ‘సేఫ్టీ కిట్’ పేరుతో కోసిన సొమ్ము, 9 డిసెంబరు 2025న జరిగిన ప్రమాదం, ఇకముందు రక్షణ సామగ్రి ఇవ్వవలసిన బాధ్యత గురించి.

అయ్యా,

మీ సంస్థ నిర్వహణలో ఉన్న బరంపురం, రాయగడ ప్రాంగణాల్లో చెట్ల పని చేసే పదకొండు మంది జట్టుకు నేను మేస్త్రీని. ఇక్కడి మీ ఆఫీసులో కాగితాలు ఇంగ్లీషులోనూ ఒడియాలోనూ నడుస్తాయి. అయినా మీ ప్రధాన కార్యాలయం విశాఖపట్నంలో ఉంది కాబట్టి, నేను చెప్పదలచినది తేడా రాకుండా చెప్పగలిగేది ఈ భాషలోనే కాబట్టి తెలుగులో రాస్తున్నాను. ఈ సంగతి మీ సూపర్‌వైజరు గారికి రెండుసార్లు నోటితో చెప్పాను, కంట్రాక్టరు గారికి ఒకసారి కాగితం మీద రాసి ఇచ్చాను. కంట్రాక్టరుతో తేల్చుకోమని సూపర్‌వైజరు గారు, కంపెనీని అడగమని కంట్రాక్టరు గారు అన్నారు. ఇద్దరి మధ్యా రెండు నెలలు తిరిగిన తర్వాత మీకు రాయవలసి వచ్చింది.

నవంబరు 24న మాకు ‘సేఫ్టీ కిట్లు’ ఇచ్చారు. డిసెంబరు 5న నవంబరు నెల కూలి ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరి దగ్గర 1,850 రూపాయల చొప్పున, మొత్తం 20,350 రూపాయలు కోశారు. చెట్టెక్కేవాడికి మీ దగ్గర రోజుకూలి 700 రూపాయలు, కింద కొమ్మలు లాగేవాడికి 500. అంటే ఎక్కేవాడు రెండున్నర రోజులకు పైగా, కింద ఉండేవాడు దాదాపు నాలుగు రోజులు ఈ కిట్ కోసమే కష్టపడ్డట్టు. కిట్‌లో ఉన్నవి గడ్డం కింద పట్టీ లేని ప్లాస్టిక్ టోపీ, నడుముకు కట్టుకునే ఒంటి బెల్టు, పలుచటి రబ్బరు గ్లౌజులు, నారింజ రంగు జాకెట్టు. మాకు ఏది అవసరమో ముందు ఎవరూ అడగలేదు, కొలతలు తీసుకోలేదు, డబ్బు పట్టుకుంటామని కూడా చెప్పలేదు. కూలి చీటీ చేతికి వచ్చాకే తెలిసింది.

ఆ తర్వాత నాలుగు రోజులకు, డిసెంబరు 9న, బరంపురం ప్రాంగణంలో కార్ల షెడ్డు మీదికి వాలిన నిద్రగన్నేరు కొమ్మను మా మేనల్లుడు మిషన్ రంపంతో కోస్తున్నాడు. షెడ్డు రేకులకు దెబ్బ తగలకూడదని సూపర్‌వైజరు గారు గట్టిగా చెప్పారు కాబట్టి, కొమ్మను ఒక్కసారిగా పడగొట్టకుండా తాళ్లు కట్టి ముక్కలుగా కోసి దించుతున్నాం. రంపం బ్లేడు కొస పైభాగం పక్కనున్న కొమ్మకు తగిలింది. అలా తగిలితే మిషన్ మనిషి మీదికి వెనక్కి తన్నుతుందని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, ఎంత చేయి తిరిగిన వాడికైనా అది ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుందనీ తెలుసు. చేతిబ్రేకు పడింది గానీ గొలుసు ఆగేలోపే ఎడమ తొడను కోసేసింది. బెల్టు నడుముకే ఉన్నందువల్ల పిల్లవాడు గాలిలో మడతపడి వేలాడాడు. ఊపిరాడక కేకైనా పెట్టలేకపోయాడు. నేనూ ఇంకొకరూ ఎక్కి దించేసరికి ప్యాంటు నిండా నెత్తురు.

పద్నాలుగు కుట్లు పడ్డాయి. ఆసుపత్రికి, మందులకు 8,640 రూపాయలు అయ్యాయి. ఇరవై మూడు రోజుల కూలి, అంటే 16,100 రూపాయలు, రాలేదు. పెద్ద రక్తనాళం తెగకపోవడం వల్ల బతికాడని డాక్టరు గారు చెప్పారు. మీ సైటు రిజిస్టరులో మాత్రం ‘కిట్ ఇవ్వబడినది, పనివాడి అజాగ్రత్త’ అని రాశారు. ఆ మాట నేను నా కళ్లతో చదివాను. ఈ ఉత్తరం రాయడానికి డబ్బు కన్నా ఆ మాటే ఎక్కువ కారణం. ఆ కిట్‌లో కాళ్లకు సంబంధించినది ఒక్కటీ లేదు.

మిషన్ రంపం పట్టేవాడు వేసుకోవలసిన ప్యాంటు వేరే ఉంటుంది. అది కాపాడేది మందంగా ఉండటం వల్ల కాదు. లోపల పొరలు పొరలుగా పొడవాటి సన్నటి పోగులు అమర్చి ఉంటాయి. గొలుసు పైబట్టను కోయగానే ఆ పోగులు బయటికి వచ్చి, గొలుసును తిప్పే పళ్లచక్రానికి చుట్టుకుని, రెప్పపాటులో మిషన్‌ను ఆపేస్తాయి. ఎంత వేగంతో తిరిగే గొలుసును ఆపగలదో ప్యాంటు మీదే గుర్తు ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 11393లో సెకనుకు 20 మీటర్లు, 24 మీటర్లు, 28 మీటర్లు వంటి తరగతులున్నాయి. తోలు ముక్క కట్టుకున్నా, రెండు జీన్స్ ప్యాంట్లు ఒకదానిమీద ఒకటి తొడుక్కున్నా గొలుసును ఆపలేవు. మేం ఇన్నాళ్లూ చేసింది అదే.

మా నాన్నగారు తాడిచెట్లెక్కి కల్లు గీసినవారు. ఆయన మోకు (చెట్టెక్కే తాడు), ఆయన కత్తి ఆయనవే. ఇంకొకరు ఇస్తారని ఆయన ఎన్నడూ ఎదురుచూడలేదు. “మీ పనిముట్లు మీరే తెచ్చుకోవడం మీ వృత్తి ఆచారమే కదా” అని కంట్రాక్టరు గారు నాతో అన్నప్పుడు నాకు వెంటనే జవాబు తోచలేదు. తర్వాత ఆలోచిస్తే తేడా తెలిసింది. నాన్నగారు ఎక్కింది తాను ఎంచుకున్న చెట్టు, తనకు వీలైన వేళ, తన చేతి కత్తితో. గాలి లేస్తే దిగిపోయేవారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక, దారులకు అడ్డంగా పడిన చెట్లు తీయడానికి నేను మొదటిసారి మిషన్ రంపం పట్టాను. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి వెళ్లాక గజపతి జిల్లాలో వారాల తరబడి అదే పని చేశాను. ఆ మిషన్‌తో చెట్టు మీద ఉన్నప్పుడు మోకు మనల్ని కాపాడే వస్తువు కాదు, గొలుసు ఒక్కసారి తాకితే తెగిపోయే వస్తువు. అందుకే మిషన్‌తో ఎక్కేవాడు నడుమ ఉక్కు తీగ ఉన్న తాడును కూడా చెట్టుకు చుట్టుకోవాలి, రెండుచోట్ల కట్టుకుని ఉండాలి. ఏ చెట్టు, ఏ రోజు, ఏ మిషన్‌తో, ఎన్ని గంటల్లో అన్నవి మీ సంస్థ నిర్ణయిస్తోంది. ప్రమాదాన్ని నిర్ణయించేవారు దాన్నుంచి కాపాడే సామగ్రిని కూడా ఇవ్వవలసి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇచ్చిన వస్తువుల గురించి కూడా చెప్పాలి. తలెత్తి కొమ్మను చూసినా, వంగి కిందివాడిని పిలిచినా పట్టీ లేని టోపీ జారి పడుతుంది. రెండో రోజే ఒక టోపీ ముప్పై అడుగుల నుంచి కింద తాళ్లు పట్టుకున్నవాడి భుజం మీద పడింది. పారిశ్రామిక టోపీలకు ఐఎస్ 2925, ఒళ్లంతా పట్టే హార్నెస్‌లకు ఐఎస్ 3521 అని మన దేశపు ప్రమాణాలే ఉన్నాయి. మాకిచ్చిన టోపీల మీద గానీ బెల్టుల మీద గానీ ఏ గుర్తూ లేదు. మిషన్ రంపం చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది, చెవులకు ఏమీ ఇవ్వలేదు. నాకు నలభై నాలుగేళ్లు, కుడిచెవి సగమే వినిపిస్తుంది. నా జట్టులోని కుర్రవాళ్లకు ఆ గతి పట్టకూడదన్నది నా కోరిక.

గ్లౌజుల సంగతి ఇంకా ప్రమాదకరం. బరంపురం ప్రాంగణంలో 11 కిలోవోల్టుల లైను పక్కనే తురాయి చెట్లు ఉన్నాయి. “రబ్బరు గ్లౌజులు ఇచ్చాం కదా, లైను ఆపనక్కరలేదు” అని జనవరిలో మాకు చెప్పారు. అవి గిన్నెలు తోముకునే రకం గ్లౌజులు, కరెంటును ఆపేవి కావు. ఆపుతాయని నమ్మి చెయ్యి చాచినవాడు ప్రాణాలు పోగొట్టుకుంటాడు. లైను దగ్గర కొమ్మలు కొట్టేముందు సరఫరా నిలిపి, ఎర్తు చేసి, నిలిపినట్టు కాగితం ఇవ్వాలి. ఆ రోజు నేను ఎవరినీ ఎక్కనివ్వలేదు, దానికి సగం రోజు కూలి తగ్గించారు.

సామగ్రిని పనివాడే కొనుక్కోవాలంటే ఏం జరుగుతుందో ఇన్నేళ్లుగా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. సొంత డబ్బుతో కొన్నవాడు దాన్ని పారేయలేడు. పడిపోతున్న మనిషిని ఒకసారి ఆపిన హార్నెస్‌ను మళ్లీ వాడకూడదు, గొలుసు తగిలిన ప్యాంటును కుట్టించుకుని తొడుక్కోకూడదు, ఎండకు పెళుసెక్కిన టోపీని తీసేయాలి. నాలుగు రోజుల కూలి పోసి కొన్న వస్తువును, పైకి బాగానే కనిపిస్తున్నప్పుడు, ఏ ఇంటాయన పారేస్తాడు? కుట్టించుకుంటాడు, లేదా తమ్ముడికి ఇస్తాడు. దాన్ని తీసేయమని చెప్పగలిగేది, అలా చెప్పి వెంటనే వేరేది ఇవ్వగలిగేది సంస్థ ఒక్కటే.

కంట్రాక్టరు రేటులోనే అన్నీ కలిసి ఉన్నాయని మీ వాళ్లు అంటున్నారు. కలిసి ఉండటమే అసలు చిక్కు. తక్కువ రేటు రాసినవారికి మీరు పని ఇస్తారు. సామగ్రి ఖర్చు ఆ రేటులోనే దాగి ఉంటే, మంచి హార్నెస్ కొంటానని లెక్క వేసుకున్నవాడు పోటీలో ఓడిపోతాడు, ఏమీ కొననివాడు గెలుస్తాడు. కాబట్టి రక్షణ సామగ్రిని రేటులోంచి తీసి, పోటీతో సంబంధం లేని వేరే పద్దుగా పెట్టి, మీరే కొని ఇవ్వాలని కోరుతున్నాను. తాగునీరు, ప్రథమ చికిత్స వంటివి కంట్రాక్టరు సమకూర్చకపోతే ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే సంస్థ, సమకూర్చి, ఆ ఖర్చు కంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చని 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది. నీళ్ల కుండకు పెట్టిన పద్ధతి ప్రాణం కాపాడే హార్నెస్‌కు లేకపోవడం న్యాయం కాదు.

2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. పదిమంది లేదా అంతకు మించి పనివారున్న చోట వర్తించే ఆ కోడ్ 6వ సెక్షన్, పనిచోట భద్రత కోసం చేసినదానికి గానీ ఇచ్చినదానికి గానీ ఉద్యోగి దగ్గర ఎలాంటి రుసుమూ వసూలు చేయకూడదని యజమానికి చెబుతోంది. కిట్ ఇచ్చినదీ, కూలి కోసినదీ ఆ తేదీ తర్వాతే. మేం మీ ఉద్యోగులం కామని ఒక మాట వినిపించింది. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి చదివి చెప్పినదాని ప్రకారం, బ్రిటన్‌లో కూడా ఇదే సందేహం ఉండి, అక్కడి 1992 నిబంధనలను సవరించి, 2022 ఏప్రిల్ 6 నుంచి పక్కా ఉద్యోగులు కానివారికి కూడా రక్షణ సామగ్రిని ఉచితంగా ఇవ్వవలసిందేనని తేల్చారు. చెట్టు మీద నుంచి పడేవాడి ఎముకలకు తాను ఎవరి రిజిస్టరులో ఉన్నాడో తెలియదు.

మా వైపు బాధ్యత లేదని నేను అనడం లేదు. ఇచ్చిన సామగ్రిని వేసుకోవడం, రోజూ ఎక్కేముందు చూసుకోవడం, పాడైతే వెంటనే చెప్పడం మా పని. ఎవరైనా వేసుకోకుండా ఎక్కితే మేస్త్రీగా నేనే దించుతాను. మిషన్ రంపం ప్యాంటు వేసుకుని మే నెల ఎండలో రాయగడలో పని చేయడం చాలా కష్టమని కూడా నాకు తెలుసు. దానికి ముందువైపే కప్పే రకం తొడుగులు కింద కోసేవారికి, పూర్తి ప్యాంటు చెట్టు మీద కోసేవారికి ఇచ్చి, ఎండాకాలం పదిన్నరకే మిషన్ పని ఆపితే సరిపోతుంది. వాడే విధానం చెప్పేటప్పుడు తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పించాలి. జట్టులో ఇద్దరు పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన సవరలు, వారికి అర్థమయ్యేలా చెప్పగలిగిన మనిషి మాలోనే ఉన్నాడు.

కోసిన 20,350 రూపాయలు పదకొండు మందికీ తిరిగి ఇప్పించాలని, మా మేనల్లుడి వైద్యం ఖర్చు, పోయిన కూలి కలిపి 24,740 రూపాయలు చెల్లించాలని, రిజిస్టరులోని ‘పనివాడి అజాగ్రత్త’ అన్న మాటను తీసి జరిగినది జరిగినట్టు రాయించాలని కోరుతున్నాను. మూడింటిలో దేన్నైనా వదులుకోమంటే నేను చివరిదాన్ని వదులుకోను. పిల్లవాడికి ఇరవై రెండేళ్లు. ఆ మాట వాడి పేరు పక్కన ఉండిపోకూడదు.

కాలవైశాఖి గాలులు (ఎండాకాలంలో ఉరుములతో వచ్చే ఈదురుగాలులు) మొదలయ్యేలోపు మార్చి 2 నుంచి రెండు ప్రాంగణాల్లోనూ కొమ్మలు తేలిక చేయాలని మీ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఆ పని అవసరమేనని నాకు తెలుసు, చేయడానికి సిద్ధంగా ఉన్నాం. పైన చెప్పిన సామగ్రి ఎవరి కొలతకు వారికి అందేవరకు నేలమీది పని చేస్తాం గానీ మిషన్‌తో ఎవరూ చెట్టెక్కరు. ఫిబ్రవరి 17 లోపు రాతపూర్వకమైన జవాబు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. పదకొండు నడుము బెల్టులనూ శనివారం మీ బరంపురం స్టోరులో అప్పగించి గుమాస్తా గారి సంతకంతో రసీదు తీసుకున్నాం. దాని నకలు, కూలి చీటీల నకళ్లు, ఆసుపత్రి బిల్లులు ఈ ఉత్తరానికి జతపరిచాను.

ఇట్లు,
చెట్టు పని మేస్త్రీ,
జట్టులోని పదిమంది సంతకాలు, వేలిముద్రలతో