దుబాయ్ విమానాల సమయం తప్పు: మీ కస్టమర్ కేర్ నిర్లక్ష్యంపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

ట్రావెల్ ఏజెంట్లమైన మేం, శంషాబాద్ - దుబాయ్ విమానాల ప్రయాణ సమయం మీ టికెట్ బుకింగ్ పోర్టల్‌లో తప్పుగా పడుతోందని చెప్పి చెప్పి విసిగిపోయాం. సాఫ్ట్‌వేర్ అన్నాక తప్పులుంటాయి, దానికి కోపం లేదు. చెప్పింది వినే నాథుడు లేకపోవడమే మా బాధ.

చాట్‌లో అడిగితే పీఎన్‌ఆర్ ఇమ్మన్నారు. టికెట్ కొనకముందే సెర్చ్‌లో కనబడే తప్పుకు పీఎన్‌ఆర్ ఎక్కడి నుంచి తేవాలి? ఫోన్ చేస్తే బ్రౌజర్‌లో దాచి ఉన్న పాత డేటా (క్యాష్) క్లియర్ చేయమన్నారు. చేశాం, యాప్‌లోనూ చూశాం, అదే అంకె. స్క్రీన్‌షాట్ మెయిల్ చేస్తే రీఫండ్ నిబంధనలు పంపారు. రీఫండ్ ఎవరడిగారండీ? సీనియర్‌కి కలుపుతామని హోల్డ్‌లో పెట్టి లైన్ కట్ చేశారు. ఆ సాయంత్రమే ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ పెట్టి కంప్లైంట్ మూసేశారు.

మీ ఏజెంట్ ఒకాయన ‘గాలుల వల్ల తేడా వస్తుంది సార్’ అన్నారు. చలికాలంలో పైగాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. అంటే రావడానికే తక్కువ పట్టాలి. మీ స్క్రీన్ మీద పోవడానికి 2 గంటల 15 నిమిషాలు, రావడానికి 5 గంటలు! సుమారు 2,500 కిలోమీటర్లు రెండుంపావు గంటల్లో పోవాలంటే గంటకు 1,100 దాటాలి. ఈ రూట్‌లో తిరిగే ఏ320 రకం విమానం పైకెక్కాక పోయేదే 830 దరిదాపుల్లో.

అసలు సంగతి, మీరు దిగే టైమ్‌లోంచి ఎక్కే టైమ్ నేరుగా తీసేస్తున్నారు. టికెట్ మీద రెండూ స్థానిక సమయాలే. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. ఇక్కడ ఉదయం 10:00కి లేచి అక్కడ 12:15కి దిగే విమానం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) 04:30కి లేచి 08:15కి దిగినట్టు. అంటే 3 గంటల 45 నిమిషాలు. అక్కడ రాత్రి 10:00కి ఎక్కి ఇక్కడ తెల్లవారుజామున 3:00కి దిగితే మూడున్నర గంటలే. ఢిల్లీ, విశాఖ విమానాలకు టైమ్ జోన్ ఒకటే కాబట్టి లెక్క సరిపోతోంది. మీవాళ్లు వాటిని చూసి ‘మాకు బాగానే కనిపిస్తోంది’ అంటున్నారు.

జగిత్యాల, నిజామాబాద్ నుంచి వచ్చే పెద్దవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు రెండు గంటలే కదా అని భోజనం బుక్ చేసుకోరు. తక్కువ ధర విమానంలో ఆకలితో కూర్చుని, దిగాక మమ్మల్నే నిలదీస్తారు.

మొదటి నుంచీ మీ వాలెట్‌లోనే డబ్బు వేసి టికెట్లు తీస్తున్నాం. పక్క షాపులవాళ్లనూ మీ దగ్గరే చేర్పించాం. ఆ మాత్రం మర్యాదకు కూడా నోచుకోలేదా? లెక్క తెలిసిన మనిషి ఒకరు ఈ ఉత్తరం చదివి, రెండు సమయాలనూ యూటీసీకి మార్చాకే తీసివేత చేయించి, సరిచేశామని రాతపూర్వకంగా చెప్పాలి. ఈసారీ కంప్లైంట్ మూసేస్తే వాలెట్‌లోని డబ్బంతా వెనక్కి తీసుకుని వేరే పోర్టల్‌కు మారతాం. మేం చేర్పించిన షాపులన్నింటికీ ఈ స్క్రీన్‌షాట్లు వెళ్తాయి.

ఇట్లు,
అమీర్‌పేట ట్రావెల్ ఏజెంట్