చెరకు తోటల్లో వాల్కాట్

ప్రియమైన సుధాకర్‌కు,

నీ ఉత్తరం అందింది. పేరుమోసిన ఆటగాళ్లు క్రికెట్ బోర్డుల్లో చేరేది దండలు వేయించుకోవడానికే తప్ప పని చేయడానికి కాదని నువ్వు రాసింది చదవగానే నాకు బార్బడోస్ వాడైన వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ క్లైడ్ వాల్కాట్ గుర్తుకు వచ్చాడు. ఆయన బ్యాటింగ్ గురించి నీకు చెప్పవలసిన పని లేదు. 44 టెస్టుల్లో 15 సెంచరీలతో 3,798 పరుగులు చేశాడు. 1955లో ఆస్ట్రేలియా మీద ఒక్క సిరీస్‌లోనే ఐదు సెంచరీలు కొట్టాడు, అయినా వెస్టిండీస్ ఆ సిరీస్‌ను 0-3తో పోగొట్టుకుంది!

నేను చెప్పదలచుకున్నది 1954 నాటి సంగతి. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు, ఆట మంచి ఊపులో ఉంది. అటువంటి సమయంలో ఆయన దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాకు (నేటి గయానా) వెళ్లి, చక్కెర ఉత్పత్తిదారుల సంఘం తరఫున చెరకు ఎస్టేట్లలో క్రికెట్‌ను నిర్వహించే ఉద్యోగంలో చేరాడు. ఆ ఎస్టేట్లలో పనిచేసేవారిలో చాలామంది మన దేశం నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లినవారి సంతతి. వారి పూర్వీకుల్లో ఎక్కువమంది కలకత్తాలో ఓడ ఎక్కినవారే అయినా, మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. సెలెక్టర్ల చూపు రాజధాని జార్జ్‌టౌన్ క్లబ్బులను దాటి ఆ పల్లెల దాకా పోయేది కాదు. వాల్కాట్ ఎస్టేట్ల వెంట తిరిగి, పోటీలు పెట్టించి, కుర్రాళ్లకు దగ్గరుండి ఆట నేర్పాడు. పోర్ట్ మోరాంట్ అనే ఒక్క ఎస్టేటు నుంచే రోహన్ కన్హాయ్, బేసిల్ బుచర్, జో సోలమన్ వెస్టిండీస్ జట్టులోకి వచ్చారు. ఆ ఫలితాన్ని ముందుగా అనుభవించింది మన బౌలర్లేనని చెప్పాలి: 1958-59 పర్యటనలో కలకత్తా టెస్టులో కన్హాయ్ 256, అదే ఇన్నింగ్స్‌లో బుచర్ 103 పరుగులు చేయగా, సోలమన్ ఢిల్లీలో 100 పరుగులతో అజేయంగా నిలిచాడు. వాల్కాట్ తన తొలి టెస్టు సెంచరీని 1948లో కొట్టింది కూడా ఢిల్లీలోనే. ఇక 1960లో బ్రిస్బేన్ టెస్టు చివర సోలమన్ విసిరిన బంతి నేరుగా వికెట్లను తాకి, రెండు జట్ల పరుగులూ సమానమై ముగిసిన మొదటి టెస్టును, అంటే క్రికెట్ చరిత్రలో మొదటి టై టెస్టును, తెచ్చిపెట్టింది.

వాల్కాట్‌కు తర్వాతి పదవులన్నీ వరుసగా వచ్చినవే. 1975, 1979 ప్రపంచకప్పులు గెలిచిన జట్లకు ఆయనే మేనేజర్. 1988 నుంచి 1993 వరకు వెస్టిండీస్ బోర్డు అధ్యక్షుడు. 1993లో ప్రపంచ క్రికెట్‌ను నడిపే ఐసీసీకి ఛైర్మన్ అయ్యాడు. 1989 వరకు లండన్‌లోని ఎంసీసీ అనే క్రికెట్ క్లబ్ అధ్యక్షుడికే ఆ పీఠం దానంతట అదే దక్కేది కాబట్టి, ఇంగ్లండ్‌కు చెందని ఒక నల్లజాతి మనిషి అక్కడ కూర్చోవడం చిన్న విషయం కాదు. అయితే నా లెక్కలో ఆయన చేసిన పెద్ద పని ఆ కుర్చీలో కూర్చుని చేసింది కాదు, గయానా ఎండలో తిరిగి చేసింది.

1997లో ఆయన తర్వాత మన క్రికెట్ బోర్డు పెద్ద జగ్‌మోహన్ దాల్మియా ఐసీసీ అధ్యక్షుడయ్యాడు. దాల్మియా గురించి నీ అభిప్రాయం నాకు కంఠతా వచ్చు కనుక, జవాబులో దానికి మళ్లీ రెండు పేజీలు కేటాయించనక్కరలేదు.

నీ
శ్రీనివాస్