‘గృహిణి’ అని రాసింది మేమే

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ పత్రికలో మా నాయినమ్మ దశదిన కర్మ ప్రకటన వచ్చింది. పేరు, వయసు 81, దాని కింద ‘గృహిణి’. తప్పు మీది కాదు. రాసిచ్చింది మా బాపు, పక్కన నిలబడి చదివింది నేను. ఇద్దరికీ ఏమీ అనిపించలేదు. పేపర్ ఇంటికొచ్చాక మా మేనత్త చూసి, "గృహిణా? మరి మగ్గం ఎవరు నేసిన్రు, దయ్యాలా?" అన్నది.

వరంగల్ కొత్తవాడలో నాయినమ్మ యాభై ఏళ్లకు పైగా దర్రీలు, అంటే నేల మీద పరిచే జంపఖానాలు, నేసింది. తాతకు ఆజంజాహి మిల్లులో పని. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. దాని సైరన్ కూసే వేళకి తాతకు సద్ది కట్టిచ్చి, ఆమె మగ్గం గుంతలో కాళ్లు పెట్టేది. మిల్లు మూతపడ్డాక ఇల్లు నడిచింది ఆ దర్రీల మీదే. అయినా చేనేత సొసైటీ పుస్తకంలో పేరు తాతది, కూలి డబ్బులకు సంతకం తాతది. ఆమె వెంట పోయి, అక్కడే లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకునేది. "సంతకం నీది, పైసలు నాయి" అనేదట. తాత నవ్వి ఊరుకునేవాడు.

చదివింది మూడో తరగతి. డిజైన్లు మాత్రం మా పాత లెక్కల నోటుబుక్కుల గళ్లలో ఎర్ర పెన్నుతో తనే గీసేది. గడికి ఇన్ని పోగులని ఆమెకో లెక్క ఉండేది. నా ఆరో తరగతి పుస్తకం ఇంకా ఉంది. ఎడమ పేజీలో నా భాగహారాలు, కుడి పేజీలో ఆమె గునుగు పూలు. భాగహారాల్లో రెండు తప్పు. పూలు ఒక్క గడి కూడా తప్పలేదు.

ఒకసారి ఆర్డర్ దర్రీ చివరికొచ్చేసరికి నీలం నూలు రెండు కండెలే (నూలు చుట్టిన గొట్టాలు) మిగిలింది. మళ్లీ అద్దిస్తే అదే రంగు రాలేదు, బూడిదకు తిరిగింది. షావుకారు కబురు మీద కబురు. మా అందరికీ టెన్షన్, ఆమెకు తప్ప. ముందు పాత నీలం ఎక్కువ, కొత్తది తక్కువ. తర్వాత సగం సగం. ఆఖరి జానెడుకు వచ్చేసరికి అంతా కొత్త రంగే. ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపలేం. షావుకారు మాత్రం "రంగు తేడా కొట్టింది" అని వాపసు ఇచ్చాడు. ఆమె బతిమాలలేదు. తెచ్చి ఇంట్లో పరిచింది, ఆ ఎండాకాలమంతా పిల్లలం దాని మీదే పడుకున్నాం. మరుసటి ఏడు అదే మనిషి వచ్చి, "అట్ల రంగు కరిగిపోయేటియి పది కావాలె" అన్నాడు. ఈసారి రేటు ఆమె చెప్పింది.

అన్నీ మంచి గుణాలే అని రాస్తే అబద్ధమవుతుంది. కోడళ్లను మగ్గం మీద కూర్చోనిచ్చేది కాదు. ఆసు పోయడం (నిలువు పోగులు సిద్ధం చేయడం), కండెలు చుట్టడం, అంతవరకే. మా అవ్వకు, అంటే మా అమ్మకు, ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

2018లో వరంగల్ దర్రీలకు జీఐ (ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక) గుర్తింపు వచ్చిందని పేపర్ చదివి వినిపిస్తే, "ఇగ కూలి పెంచుతరా?" అని ఒకటే ప్రశ్న. 2019–20 చేనేత గణనలో దేశం మొత్తమ్మీద నేతపనిలో ఉన్నవాళ్లు 35 లక్షలకు పైనే అని తేలింది, వాళ్లలో 70 శాతానికి పైగా ఆడవాళ్లు. ఇళ్లల్లో మాత్రం దాన్ని ‘సాయం’ అంటాం. మేము ఆ మాట కూడా రాయలేదు.

అందుకే సంవత్సరీకానికి ప్రకటన మళ్లీ ఇస్తాం. ఆ ఒక్క మాట తీసేసి ‘దర్రీ నేతకారిణి, కొత్తవాడ’ అని వేయండి. డబ్బులు కడతాం. పోయినసారి పెళ్లిలో దిగిన ఫోటో ఇచ్చాం, ఈసారి ఆ వాపసు వచ్చిన దర్రీ మీద కూర్చున్నది పంపుతున్నాం. చోటు చాలకపోతే పైన గోడ కత్తిరించండి గానీ, కింద అంచు కత్తిరించకండి. రంగు మారింది అక్కడే.

– ఒక మనవరాలు, కొత్తవాడ, వరంగల్