రాజాజీ కందుకూరు వచ్చాడంటరా!

ఒరేయ్ అబ్బయ్యా,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టదలుచుకున్నవన్నీ ఇక్కడే తిట్టేసుకో, తర్వాత చదువు. కారణాలు రాయొచ్చు గానీ ఒక్కటీ నమ్మవు. ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎప్పటిలాగే ఉంది, పెద్దాడు ఇంటర్‌లో చేరాడు, మొన్నటి వానకి మా వీధి మళ్లీ పెన్నా అయింది. రొట్టెల పండక్కి వస్తానని ఈసారీ ఎగ్గొట్టావు, ఆ లెక్క విడిగా తేలుద్దాం. కబుర్లు అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి. ఫోన్లోనే చెప్పేవాణ్ణి, కానీ నువ్వు ‘ఊఁ, ఊఁ’ అంటూ ఆఫీసు మెయిళ్లు చూసుకుంటావని తెలిసి కూర్చుని రాస్తున్నా.

ట్రంకు రోడ్డులో ఒక లాడ్జి ఉంది చూడు, మనం ‘అమెరికా’ అనేవాళ్లం, దాని మేడ మీద హాల్లో ఆదివారం వేలం పెట్టారు. నాణేలు, పాత నోట్లు, స్టాంపులు. కింద హోటల్లోంచి కారందోశ వాసన, పైన పాత కాగితాల వాసన. నేను వెళ్లింది దేనికో నీకు తెలుసు, సర్వీసు స్టాంపులకి, అదే సర్కారు ఆఫీసుల ఉత్తరాలకి అంటించేవి. నవ్వకు. ‘సర్కారు వాళ్ల చెత్తబుట్ట’ అని నువ్వు ఎన్నిసార్లన్నా నా బుద్ధి మారదు. 1866లో మొదటిసారి మామూలు స్టాంపుల మీద చిన్న అక్షరాల్లో ‘సర్వీస్’ అని, చివర ఒక చుక్క పెట్టి కొట్టారు చూడు, ఆ చుక్క భూతద్దంలో కనిపిస్తే నాకు అన్నం అక్కర్లేదు. తర్వాత ‘ఆన్ హెచ్.ఎం.ఎస్.’ వచ్చింది, అంటే రాణీగారి సర్వీసు మీద అని. మన నిజాం వాళ్లది ఉర్దూ లిపిలో ‘సర్కారీ’, తిరువాన్కూరు వాళ్లది ‘ఆన్ ఎస్.ఎస్.’, అంటే సర్కార్ సర్వీస్. ఇవన్నీ ఆ రోజు బల్ల మీద ఉన్నాయి. నిజాం ముక్కలు రెండు చౌకగానే పోయాయి, నేను చెయ్యెత్తేలోపే. సరే, పోనీ.

జనమంతా వచ్చింది వాటికి కాదు. జాబితా మధ్యలో పెద్ద అక్షరాల్లో ‘గాంధీ, 1948, 12 అణాలు, సర్వీస్, వాడినది’ అని వేశారు. నీకు గుర్తుందా, హాస్టల్లో నేను ఆ గాంధీ కథ చెబుతుంటే నువ్వు నిద్రపోయావు. మళ్లీ చెబుతా, ఈసారి పారిపోలేవు. 1948 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చి ఏడాది అయిన రోజు, గాంధీ బొమ్మతో నాలుగు స్టాంపులు వచ్చాయి: ఒకటిన్నర అణా, మూడున్నర అణాలు, 12 అణాలు, 10 రూపాయలు. స్విట్జర్లాండులో కూర్వాజియే వాళ్లు అచ్చేశారు. వాటిలో కొన్నింటి మీద ‘సర్వీస్’ అని కొట్టి గవర్నర్ జనరల్ సచివాలయానికి ఇచ్చారు, అప్పుడు గవర్నర్ జనరల్ మన రాజాజీ. 10 రూపాయలది అలా కొట్టింది వందే. వందంటే వంద! 2017లో ఆ పది రూపాయలవి నాలుగు, విడదీయకుండా వరసగా ఉన్న ముక్క, లండన్ వాళ్ల ద్వారా ఐదు లక్షల పౌండ్లకి ఒక ఆస్ట్రేలియా ఆయన కొన్నాడు. మన లెక్కలో నాలుగు కోట్లు. ముఖవిలువ నలభై రూపాయలు! 12 అణాలది ఆ స్థాయి కాదు గానీ, అదీ లక్షల్లో మాటే.

సరే, పాట మొదలైంది. లక్ష. మద్రాసు నుంచి వచ్చిన ఒక డీలరు, చీమకుర్తి గ్రానైట్ ఆయన ఒకాయన, ఇద్దరే పోటీ. గ్రానైటాయన తెల్ల చొక్కా, రెండు ఫోన్లు, స్టాంపుల గురించి ఆయనకి తెలిసింది ‘ఇది కొంటే పేపర్లో పడతాం’ అన్నంత వరకే, నా అంచనా. లక్షా ఇరవై. లక్షా నలభై. లక్షా అరవై. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు, నాకు కొనే ఓపిక లేకపోయినా చేతులు చెమటలు పట్టాయిరా.

అప్పుడు చివరి వరసలో ఒక తాత లేచాడు. పంచె, చంకలో గొడుగు, చెవికి దారం కట్టిన కళ్లజోడు. ‘ఒక్కసారి చూడొచ్చా నాయనా’ అన్నాడు. వేలం పాడే ఆయన విసుక్కుంటూనే ఇచ్చాడు. తాత జేబులోంచి చిన్న భూతద్దం తీసి, కిటికీ దగ్గరికి వెళ్లి, స్టాంపుని అటూ ఇటూ తిప్పి తిప్పి చూశాడు. అంతసేపు చూశాక ఏమన్నాడో తెలుసా? ‘రాజాజీ కందుకూరు వచ్చి ఉత్తరం వేసినట్టున్నాడే!’

ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. తాత కందుకూరు పోస్టాఫీసులో రిటైరైన మనిషట. స్టాంపు మూల మీద పోస్టు ముద్ర సగమే పడింది, అందులో ‘డుకూర్’ అనే అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఢిల్లీలో గవర్నర్ జనరల్ ఆఫీసుకి ఇచ్చిన స్టాంపు మీద కందుకూరు ముద్ర ఎలా పడుతుందయ్యా, అని తాత ప్రశ్న. అమ్మే వ్యాపారి గబగబా ‘ఆయన టూర్లో ఉన్నప్పుడు...’ అని మొదలెట్టాడు. అందరం ఒక్కసారి నవ్వాం, పాపం, మాట మింగేశాడు. అయినా అది నిరూపణ కాదుగా? తాతకి అదీ తెలుసు. ‘సర్వీస్ అని కొట్టినది ముందు, పోస్టు ముద్ర తర్వాత పడాలి. అంటే ముద్ర సిరా అక్షరాల పైన ఉండాలి. ఇక్కడ అక్షరాలే ముద్ర మీద కూర్చున్నాయి, చూసుకోండి’ అని భూతద్దం అందించాడు.

ఒక్కొక్కళ్లం వరసగా చూశాం. నిజంరా. ‘ఎస్’ అక్షరం వంపు ముద్ర గీతని దాటుకుంటూ పైనుంచి పోతోంది, గీత దాని కింద మాయమై అవతల తేలుతోంది. అంటే ఎప్పుడో ఎవరో కందుకూరు నుంచి పై దేశానికి వేసిన ఉత్తరం మీది మామూలు 12 అణాల స్టాంపుకి ఈ మధ్యనే ఎవడో ‘సర్వీస్’ గుద్దాడన్నమాట. అదైనా మంచి సిరాతో గుద్దాడా? అదీ లేదు, దొంగపని కూడా శ్రద్ధగా చేసే రోజులు పోయాయి. వ్యాపారి తనకీ ఎవరో అమ్మారనే అన్నాడు. అయ్యుండొచ్చు, లేకనూ పోవచ్చు. నాకైతే ఆయన చెమట చూస్తే... వదిలెయ్. పాట ఆపేసి జాబితాలోంచి ఆ నంబరు కొట్టేశారు.

ఇక్కడితో అయిపోతే నేను కార్డు ముక్క రాసేవాణ్ణి. అసలు తమాషా తర్వాత. గ్రానైటాయన తాతకి కాఫీ తెప్పించి, పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. ఇక చూడు, తాత దేన్ని చూసి తలాడిస్తే దానికి ఈయన చెయ్యెత్తడం. నా నంబరు వచ్చింది: తాలూకాఫీసు కవర్ల కట్ట, అశోక స్తంభం సర్వీసు స్టాంపులు అంటించినవి, చెదలు కొంచెం. 500 నుంచి పాట, ఎనిమిది వందలకి నాదే అనుకున్నా. ముందురోజే చూసిపెట్టుకున్నా, అందులో 1971 డిసెంబర్ కవరు ఒకటుంది. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఆ నవంబర్ 15 నుంచి ప్రతి ఉత్తరానికీ ఐదు పైసలు అదనంగా పన్ను వేశారు కదా, ఆ కవరు మీద సర్వీసు స్టాంపు పక్కన, మామూలు జనం వాడే కుటుంబ నియంత్రణ స్టాంపు ఉంది, దాని మీద ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని కొట్టినది! సర్కారు కవరు మీద ఇది ఎందుకొచ్చింది, గుమాస్తా సొంత డబ్బుతో కొన్నాడా ఏంది, ఇదే నా మనసు తినేస్తోంది, తాతని అడగాలి.

అదుగో, తాత కట్ట చూసి తలాడించాడు. గ్రానైటాయన చెయ్యి లేచింది. వెయ్యి. పదిహేను వందలు. రెండు వేలు. నాకు టెన్షన్, మా ఆవిడ ముఖం కళ్ల ముందు. మూడు వేల తొమ్మిది వందలు అన్నానురా, నోరు దానంతటదే అనేసింది. గ్రానైటాయన తాత వైపు చూశాడు. తాత నా వైపు చూశాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, తల అడ్డంగా ఊపాడు. చెయ్యి దిగింది. కట్ట నాది, పైన కమీషను వేరే.

తర్వాత మెట్ల దగ్గర పట్టుకుని ‘ఎందుకు తాతా వద్దన్నావు’ అంటే, ‘చెదలున్నాయి కదా నాయనా’ అన్నాడు, నవ్వలేదు. నమ్మాలా వద్దా? నువ్వయితే ఏమనుకుంటావ్? వాళ్ల ఊరికి రమ్మన్నాడు, ఇంట్లో ఒక ట్రంకు పెట్టె ఉందట. నువ్వు వచ్చినప్పుడు పోదాం, బస్సులో ముందు సీటు నీకే, ఆ పాత గొడవ మానేద్దాం. కట్ట ఖరీదు ఇంట్లో ఎనిమిది వందలని చెప్పా, నీకు ఫోన్ చేసి అడిగితే అదే చెప్పు, ఎనిమిది వందలు, మర్చిపోకు.

రిజిస్టర్ చేద్దామంటే ఇప్పుడదీ స్పీడ్ పోస్టులోనే కలిపేశారు, కౌంటరు మూసేస్తారు, పెద్దాడు స్కూటరు తీసి హారన్ కొడుతున్నాడు. ఆ రెండో కవరు సంగతి రాయనేలేదు, దాని మీద సీలు

ఉంటారా, మళ్లీ రాస్తా.