భోషాణం కోసం కారైక్కుడి దాకా ఎందుకు?

సంపాదకులకు,

పాత టేకు భోషాణం కోసం తమిళనాడులోని కారైక్కుడికి రైలెక్కబోయాం. చెట్టినాడు ఇళ్ల పాత సామాను అక్కడ అమ్ముతారు మరి. తీరా చూస్తే శాలిబండలోని మా ఇంటినుంచి నడిచివెళ్లే దూరంలో, చార్మినార్ దగ్గరి ముర్గీచౌక్‌లోనే దొరికింది!

‘‘నూరేళ్లదమ్మా’’ అన్నాడు దుకాణదారు. మూత ఎత్తి అడుగుపలక తడిమాను. చేతిరంపం గీతలు ఎగుడుదిగుడుగా తగిలాయి. పెట్టె పాతదే, కానీ కీలుకు మెరిసిపోతున్న కొత్త మరలు! అవి చూపించగానే ధర మూడు వేలు దిగింది. (ముత్యాల బేరంలోనూ ఇంత హాయి ఎరగను.)

దాన్ని ట్రాలీ ఆటోకెక్కించడానికే గంట పట్టింది. చార్మినార్ చూడవచ్చేవారికి ముర్గీచౌక్ పాతసామాను దుకాణాల దారి తెలిపే బోర్డు ఒకటి, సామాను ఎక్కించుకునే కాస్త జాగా నగరపాలక సంస్థ ఏర్పాటు చేయాలి.

– ఒక గృహిణి, శాలిబండ, హైదరాబాద్