తీర్పు రాకముందే దొంగ అని అచ్చేస్తే ఎలాగండీ

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది భీమవరం పక్కన పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తాం. మొన్న జిల్లా పేజీలో మోటార్ల దొంగ దొరికాడని వార్త వేశారు, ఫొటోలో ఇద్దరు పోలీసుల మధ్యన ముఖానికి తువాలు చుట్టిన కుర్రాడు, ముందు బల్ల మీద చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ మోటార్లు మూడు. ఆ కుర్రాడెవరో నాకు తెలీదు, నిజంగానే తీశాడేమో కూడా, కానీ కేసు ఇంకా కోర్టు గుమ్మం ఎక్కలేదు కదండీ, అప్పుడే దొంగ ఎలా అయిపోయాడు?

మా చెల్లెలి కూతురు న్యూజెర్సీలో ఉంటుంది, అక్కడి సిటిజన్‌షిప్ వచ్చింది కాబట్టి కిందటేడు జ్యూరీకి, అంటే కోర్టులో కేసు విని దోషా కాదా తేల్చే మామూలు జనం గుంపులోకి, రమ్మని కాగితం వచ్చిందంట. జడ్జి గారు అందర్నీ కూర్చోబెట్టి, ఇప్పటికిప్పుడు తేల్చమంటే ఏం చెప్తారు అని అడిగారంట. మా పిల్ల ‘ఇంకా ఏమీ వినలేదు కదా, తెలీదండి’ అందంట. కాదమ్మా, ఇప్పుడు చెప్పాల్సింది నిర్దోషి అని ఒక్కటే అన్నారంట ఆయన. నేరం మోపిన కాగితం సాక్ష్యం కిందకి రాదు, రుజువు చేసుకోవాల్సింది సర్కారు వాళ్లే, ముద్దాయి నోరు విప్పకపోయినా అది తప్పు కింద లెక్కేయకూడదు, సబబైన అనుమానం మిగిలితే వదిలేయాల్సిందే అని విడమర్చి చెప్పారంట.

మనకి జ్యూరీ ఎప్పుడో పోయింది. 1959లో నేవీ ఆఫీసరు నానావతి మీద నడిచిన హత్య కేసులో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అంటే హైకోర్టు ఒప్పుకోక శిక్ష వేసింది, తర్వాత 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో క్రిమినల్ కేసులకి ఆ పద్ధతే లేకుండా పోయింది. తేలేదాకా నిర్దోషే అన్న రూలు మాత్రం ఉంది. సాక్ష్యం రెండు రకాలుగానూ కుదురుతుంటే ముద్దాయికి పనికొచ్చేదే తీసుకోవాలని అదే 1973లో కాళీరాం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గంజాయి కేసుల్లాంటి కొన్నిట్లో రుజువు చేసుకునే భారం కొంత ముద్దాయి మీదకే తిప్పారనుకోండి, అది వేరే గొడవ.

ఇప్పుడు మా ఊళ్లో జ్యూరీ అంటే టీ కొట్టేనండి, అక్కడ పేపర్ చదివేవాళ్లకి ఆ నాలుగు ముక్కలు చెప్పే జడ్జి లేడు. మా తోడల్లుడి మీద కూడా ఇలాగే దొంగ అని ఓ పేపర్లో వేశారు, పెద్ద అక్షరాలతో, పేరూ ఊరూ సహా. రెండున్నరేళ్లు వాయిదాలకి తిరిగాడు, సరుకు ఎక్కడ పట్టుకున్నారో చెప్పాల్సిన సాక్షులిద్దరూ ఒకరు గట్టు మీద అంటే ఒకరు షెడ్డులో అన్నారు, కేసు కొట్టేశారు. ఆ కొట్టేసిన సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు, ప్లీడరు గారి గుమస్తా చేత తీర్పు కాపీ పంపించినా సరే.

నిందితుడు అని ఒక్క మాట వేస్తే మీకు పట్టే జాగా ఎంతండీ, కేసు పోతే అదే పేజీలో అంతే అక్షరాలతో వేయండి. మా తోడల్లుడు తీర్పు జిరాక్సు మడతలు చిరిగిపోయేదాకా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడు, అయినా ఇప్పటికీ వాడు గట్టు మీద నడిచొస్తుంటే చెరువుల వాళ్లు మోటారు షెడ్డుకి తాళం వేశామా లేదా అని ఓసారి చూసుకుంటున్నారు.

ఇట్లు
ఓ రొయ్యల రైతు, భీమవరం మండలం