రాళ్ళకి సహజ కాలం లేదు మామా

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. "రెస్పాన్స్ స్పెక్ట్రమ్ పెడితే ఒక పూటల తేలే లెక్కకి నెలల తరబడి ఏం చేస్తున్నవ్ రా?" అని ఎకసెక్కమాడావు కదా. భూకంపంలో ఏ సహజ కాలమున్న కట్టడం గరిష్ఠంగా ఎంత ఊగుతుందో చెప్పే గ్రాఫే కదా నీ స్పెక్ట్రమ్. కరీంనగర్‌లో నువ్వు లేపుతున్న అపార్టుమెంటుకి ఆ పద్ధతి చాలు, కాదనను. నేను భూకంప లెక్క కడుతున్నది కాకతీయుల రాతి మండపానికి. రాయి మీద రాయి పేర్చిన కట్టడం.

నీ స్పెక్ట్రమ్ నడవాలంటే కట్టడానికి ఒక సహజ కాలం, అంటే ఒక్కో ఊపుకి పట్టే స్థిరమైన సమయం, ఉండాలి. విడిగా నిలబెట్టిన రాతి స్తంభానికి అదే ఉండదు. ఇంట్లో ఇనప బీరువాను ఒక పక్కకి కాస్త ఎత్తి వదులు, టకటకా కొట్టుకుని ఆగుతుంది. ఇంకొంచెం ఎత్తితే నింపాదిగా వెనక్కి వస్తుంది. ఊపు ఎంత పెద్దదైతే కాలం అంత పెరుగుతుందన్నమాట. 1963లోనే భూకంప ఇంజనీరు హౌస్నర్ ఈ లెక్క కట్టాడు. ఒకే ఆకారంలో ఉన్న రెండు దిమ్మెల్లో పెద్దదాన్ని పడగొట్టడమే కష్టమని తేలింది. అది చదివాక హన్మకొండ వేయి స్తంభాల గుడిలో శిల్పాలు చూడటం మానేసి స్తంభాల లావు చూస్తున్నాను. మా ఆవిడ నవ్వుతోంది.

పైగా ఇక్కడ విడివిడి కుదుపుల జవాబులను కూడటం కుదరదు. చిన్న కుదుపు తర్వాత పెద్దది వస్తే ఒక ఫలితం, వరస మారితే మరొకటి. మొదటి కుదుపులో జారిన రాయి తన చోటికి తిరిగి రాదు కదా.

అందుకే కాలాన్ని చిన్న ముక్కలు (స్టెప్పులు) చేసి, ఒక్కో ముక్కకి కదలిక లెక్క కట్టుకుంటూ పోవాలి. మనం చదువుకున్న న్యూమార్క్ పద్ధతి (1959), సగటు త్వరణం రకం, లీనియర్ లెక్కలో, అంటే బలానికి తగ్గ నిష్పత్తిలోనే కదలిక ఉన్నప్పుడు, ఎంత పెద్ద స్టెప్ వేసినా పేలదు. నాన్‌లీనియర్‌లో ఆ హామీ లేదు. రాళ్ళు తాకీ తాకకుండా కొట్టుకుంటుంటే జవాబును మళ్ళీ మళ్ళీ సరిదిద్దుకుంటూ పోయే న్యూటన్-రాఫ్సన్ ఒక జవాబు దగ్గర నిలవక (కన్వర్జ్ కాక) మొరాయిస్తుంది. సరే అని, ముందటి స్టెప్ నుంచే తర్వాతది నేరుగా లెక్కకట్టే ఎక్స్‌ప్లిసిట్ పద్ధతికి పోతే స్టెప్ మన చేతిలో ఉండదు. గ్రానైట్‌లో అల వేగం సెకనుకి నాలుగు వేల మీటర్ల పైమాటే, కాబట్టి 10 సెంటీమీటర్ల ఎలిమెంట్‌కి (మోడల్‌లో రాయిని కోసిన ముక్క) స్టెప్, అల దాన్ని దాటే సమయమైన 23 మైక్రోసెకన్ల దగ్గర ఆగిపోతుంది. 30 సెకన్ల రికార్డుకి 13 లక్షల స్టెప్పులు! ఎలిమెంట్ సైజు సగానికి తగ్గిస్తే ముక్కలు ఎనిమిది రెట్లు, స్టెప్పులు రెండు రెట్లు, మొత్తం పని పదహారు రెట్లు. కంప్యూటర్ ఎందుకు ఖాళీ ఉండదో అర్థమైందా?

అసలు టెన్షన్ డ్యాంపింగ్‌తో, అంటే ఊపును తగ్గించే గుణంతో. అలవాటుగా అందరూ రేలీ డ్యాంపింగ్‌లో (కట్టడం బరువుతోనూ, స్టిఫ్‌నెస్ అంటే గట్టిదనంతోనూ ముడిపెట్టే లెక్క) అయిదు శాతం పెట్టేస్తారు. అందులో స్టిఫ్‌నెస్‌తో ముడిపడిన భాగాన్ని మొదటి స్టిఫ్‌నెస్‌కే కట్టేస్తే, రాళ్ళ మధ్య సందు తెరుచుకున్నాక కూడా అక్కడ లేని బలం ఒకటి లాగుతూనే ఉంటుంది. గాలి స్తంభాన్ని పట్టుకున్నట్టు! కంప్యూటర్ బొమ్మలో మాత్రం మండపం దర్జాగా నిలబడి ఉంటుంది. అందుకే రంగుల బొమ్మ చూపిస్తే నేను నమ్మను. ముందు శక్తి పద్దు చూపించమంటాను: భూమి ఇచ్చిన శక్తి ఎంత, రాపిడి తిన్నది ఎంత, దెబ్బల్లో పోయింది ఎంత, డ్యాంపింగ్ మింగింది ఎంత. చివరిదే అందరికంటే ఎక్కువైతే ఆ మోడల్‌ని పక్కన పెట్టాల్సిందే.

2024 డిసెంబర్ 4న పొద్దున్నే ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలింది కదా, అప్పటినుంచి రామప్ప గురించి ప్రతి ఒక్కరూ "కింద ఇసుక ఉంది, ఏం కాదు" అంటున్నారు. ఇసుక పునాది నిజమే, 1213 నాటి గుడి నిలబడిందీ నిజమే. కానీ ఇసుక ఊగేకొద్దీ మెత్తబడుతుంది. కొంత శక్తి మింగుతుంది, నెమ్మదైన కంపనాలను మాత్రం పెంచనూ వచ్చు. ఏది గెలుస్తుందన్నది కుదుపును బట్టి ఉంటుంది. దాన్ని కూడా నాన్‌లీనియర్‌గా మోడల్‌లో పెట్టకుండా ధీమాగా మాట్లాడటం నాకు నచ్చదు.

నీ సైట్ పక్కన ఇసుక నేలలో బోర్ వేసి మట్టి పరీక్ష చేయించావని రాశావు. ఆ రిపోర్టు పంపిస్తావా? ఎన్ విలువలు (నేల గట్టిదనం చెప్పే దెబ్బల లెక్క) లోతు వారీగా ఉంటే చాలు. వదినను అడిగానని చెప్పు.

నీ
మామ